ఒకే తరగతిలో వేర్వేరు మెట్ల మీద ఉన్న పిల్లలకు పాఠం చెప్పడం

ఐదో తరగతి గదిలో నల్లబల్ల మీద 52 నుంచి 27 తీసివేయమని ఒక లెక్క రాసి ఉందనుకుందాం. ఒక అమ్మాయి జవాబు 35 అని రాసింది. ఆమె పక్కనున్న అబ్బాయి 79 అని రాశాడు. వెనక వరుసలోని మరో పిల్లవాడికి 26 వచ్చింది. కిటికీ దగ్గర కూర్చున్న పాప 25 అని సరిగ్గానే రాసింది కానీ, దాని కిందనే ఉన్న "బుట్టలో 52 మామిడికాయలు ఉన్నాయి, వాటిలో 27 అమ్మారు, ఇంకా ఎన్ని మిగిలాయి?" అన్న లెక్కను వదిలేసింది. మార్కుల రిజిస్టరులో మొదటి ముగ్గురికీ సున్నా పడుతుంది, నాలుగో పాపకు సగం మార్కులు వస్తాయి. తీసివేతల్లో పిల్లలు వెనకబడ్డారని ఉపాధ్యాయుడు ఆ పాఠాన్నే మళ్లీ మొదటి నుంచి చెబుతాడు.

కానీ ఆ నలుగురికీ కావలసింది ఒకే పాఠం కాదు. 35 రాసిన అమ్మాయి 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేసింది. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీయాలన్నది ఆమె తనకు తానుగా ఏర్పరచుకున్న నియమం. అప్పు తెచ్చుకునే పని లేని లెక్కలన్నిటికీ ఆ నియమం సరైన జవాబే ఇచ్చింది కాబట్టి దాన్ని అనుమానించే అవసరం ఆమెకు ఎన్నడూ రాలేదు. 79 రాసిన అబ్బాయి గుర్తును చూసుకోకుండా కూడాడు, లేదా ఆ గుర్తు ఏమిటో అతనికి ఇంకా నిలకడగా తెలియదు. 26 రాసిన పిల్లవాడికి పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం బాగా తెలుసు. అయితే 12 నుంచి వేళ్ల మీద ఏడు వెనక్కి లెక్కించేటప్పుడు 12ను కూడా ఒకటిగా లెక్కపెట్టడం వల్ల 6 దగ్గర ఆగాడు. నాలుగో పాప ఇబ్బంది గణితానిది కానే కాదు, ఆమెకు ఆ వాక్యం చదవడం రాలేదు. పదేసి పుల్లలను కట్టగా కట్టి, ఒక కట్టను విప్పి చూపే పని మొదటి అమ్మాయికి ఎంతో అవసరం, మూడో పిల్లవాడికి అది వృథా, నాలుగో పాపకు పూర్తిగా అసంగతం.

విద్యార్థి అవసరానికి తగిన బోధన అనే మాటకు అసలు అర్థం ఈ తేడాను గుర్తించి, దానికి తగినట్టు తరువాతి గంటను మార్చుకోవడమే. ఈ మాట వినగానే చాలామంది ఉపాధ్యాయులు నలభై మందికి నలభై పాఠ్యప్రణాళికలు రాయాలేమోనని భయపడతారు. ఆ భయం సహజమే కానీ, దానికి ఆధారం లేదు. నలభై మంది పిల్లలు చేసే తప్పులు నలభై రకాలుగా ఉండవు. తీసివేతలో తరచుగా కనిపించేవి కొద్ది రకాలే, తెలుగు చదవడంలోనైతే పిల్లలు ఆగిపోయే చోట్లు అంతకంటే స్పష్టంగా కనిపిస్తాయి. కొందరు వర్ణమాల దగ్గర, కొందరు గుణింతాల దగ్గర, మరికొందరు ఒత్తుల దగ్గర ఆగుతారు. ఇంకొందరు పదాలు కూడబలుక్కుని చదువుతారు కానీ వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మరిచిపోతారు. ఇక్కడ పని పిల్లలను ఒక్కొక్కరుగా విడదీయడం కాదు, ఒకే చోట ఆగిన వారిని ఒక గుంపుగా చేర్చడం.

వయసును బట్టి పిల్లలను తరగతులుగా కూర్చోబెట్టి అందరికీ ఒకే పుస్తకం, ఒకే రోజు, ఒకే పేజీ చెప్పే పద్ధతి మనకు అనాదిగా వచ్చిందేమీ కాదు. 1823లో బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదికలో తెలుగు, కన్నడ వీధిబడుల తీరును వివరించాడు. ముందుకు వెళ్లిన పిల్లలు వెనకున్న వారికి నేర్పడం, అలా నేర్పుతూ తమ జ్ఞానాన్ని కూడా గట్టిపరచుకోవడం మెచ్చదగిన ఏర్పాటని, ఇంగ్లండు దాన్ని అనుకరించడం సమంజసమేనని ఆయన రాశాడు. అదే నివేదికలో, పిల్లలు వల్లించే పద్యాల అర్థం వారికి తెలియదన్న విమర్శ కూడా ఉంది. పైగా ఆ బడులు ఊళ్లోని పిల్లలందరికీ తెరిచి ఉన్నవి కావు. కాబట్టి వాటిని స్వర్ణయుగంగా చిత్రించడం సరికాదు. అయినా ఒక సంగతి మాత్రం నిలుస్తుంది. ఒకే పందిరి కింద వేర్వేరు మెట్ల మీద ఉన్న పిల్లలు చదువుకోవడం ఈ నేలకు కొత్త కాదు. తరగతుల విభజన ఆ తరువాత వచ్చి, లక్షల మందిని బడిలో చేర్చడానికి వీలు కల్పించింది, దానితోపాటే ఒక వయసు పిల్లలందరూ ఒకే స్థాయిలో ఉంటారన్న ఊహను కూడా మోసుకొచ్చింది.

ఆ ఊహ ఎంత తప్పో ఇప్పుడు అంకెల్లో తెలుసు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో 2005లో మొదలైన అసర్ అనే విద్యాస్థితి సర్వేలో పిల్లలను ఇంటి దగ్గరే ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ అనే వరుసలో చదివిస్తారు. కథ రెండో తరగతి స్థాయిది. 2018 సర్వే నాటికి గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో సుమారు సగం మంది మాత్రమే ఆ కథను చదవగలిగారు. పరిశోధకులు కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గానిమియన్ ఢిల్లీలో చేసి 2019లో ప్రచురించిన అధ్యయనం దీన్ని మరింత సూక్ష్మంగా చూపింది. వారు పరీక్షించిన పిల్లల్లో ఆరో తరగతి విద్యార్థులు గణితంలో సగటున రెండున్నర తరగతుల వెనక ఉన్నారు, తరగతి పెరిగే కొద్దీ ఆ దూరం కూడా పెరిగింది. నాకు ఇందులో ఎక్కువ ఆందోళన కలిగించేది సగటు కాదు. ఒకే తరగతిలోని పిల్లలు ఐదారు తరగతుల స్థాయిల్లో చెదిరి ఉన్నారు. ఏడో తరగతి బీజగణితం చెబుతున్న ఉపాధ్యాయుడి ఎదుట, భాగహారం కూడా రాని పిల్లవాడు రోజుకు ఆరు గంటలు మౌనంగా కూర్చుంటున్నాడు. బడిలో వెనకబడిన పిల్లవాడు నెమ్మదిగా నేర్చుకుంటున్నాడని మనం అనుకుంటాం, కానీ పాఠం అతని తల మీదుగా వెళ్లిపోతున్నప్పుడు అతను నేర్చుకునేది దాదాపు ఏమీ ఉండదు.

అలాగైతే ఎవరు ఎక్కడున్నారో ఉపాధ్యాయుడికి చెబితే సరిపోతుంది కదా అన్న ఆలోచన వెంటనే వస్తుంది. ఆ ఆలోచనను ఆంధ్రప్రదేశ్‌లోనే పరీక్షించారు. మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ కలిసి ఉమ్మడి రాష్ట్రంలోని గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో చేసిన ఈ అధ్యయనంలో, 100 బడులకు ఏడాది మొదట్లో పిల్లల సామర్థ్యాలపై వివరమైన నివేదికలు ఇచ్చారు, వాటిని ఎలా వాడుకోవాలో కూడా చెప్పారు. పరిశీలకులు వచ్చి చూసినప్పుడు ఆ బడుల ఉపాధ్యాయులు మరింత చురుకుగా పాఠం చెబుతూ కనిపించారు. ఏడాది చివర పరీక్ష పెడితే, నివేదికలు అందని బడుల పిల్లలకూ వీరికీ తేడా లేదు. పిల్లవాడికి ఏమి రాదో కాగితం మీద తెలియడం ఒక పని, రేపటి పీరియడులో దాని గురించి ఏదైనా చేయగలగడం వేరే పని. మన బడుల్లో పిల్లల ప్రస్తుత స్థాయిని తెలుసుకునే బేస్‌లైన్ పరీక్షలు పెట్టి, వివరాలను ఆన్‌లైన్‌లో నమోదు చేసి, మరుసటి రోజు మళ్లీ పాఠ్యపుస్తకంలో ఆగిన పేజీ నుంచే మొదలుపెట్టడం చాలాచోట్ల జరుగుతోంది. ఆ శ్రమంతా ఉపాధ్యాయుడిదే, ఫలితం మాత్రం పిల్లవాడికి చేరదు.

మరి ఏది పనిచేసింది? ప్రథమ్ ముంబయి, వడోదర నగరాల్లో నడిపిన బాలసఖి కార్యక్రమంతో ఈ ప్రశ్నకు జవాబు మొదలవుతుంది. అక్కడ స్థానిక యువతులు మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన పిల్లలను రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టుకుని ప్రాథమిక చదువు, లెక్కలు నేర్పారు, పిల్లల ఫలితాలు స్పష్టంగా మెరుగుపడ్డాయి. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, వారి సహచరులు దీన్ని అధ్యయనం చేసి, ఆ తరువాత పదేళ్ల పాటు వేర్వేరు రాష్ట్రాల్లో ఇదే పద్ధతిని రకరకాలుగా పరీక్షించారు. వాటిలో బిహార్ అనుభవం నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. వేసవి సెలవుల్లో ప్రభుత్వ ఉపాధ్యాయులే నెల రోజుల శిబిరాలు నడిపి, పిల్లల స్థాయికి తగినట్టు చెప్పినప్పుడు పిల్లలు ఆ కొద్ది వారాల్లోనే ముందుకు కదిలారు. బడులు తెరిచిన తరువాత అదే శిక్షణ, అదే సామగ్రి ఉపాధ్యాయుల చేతిలో ఉన్నా ఏడాది పొడవునా ఫలితం కనిపించలేదు. ఉపాధ్యాయులకు చేతకాదన్న వాదన అక్కడితో కూలిపోతుంది. వేసవిలో సిలబస్ లేదు, బడి రోజుల్లో ఉంది.

హర్యానాలో 2012-13లో ఆ చిక్కును నేరుగా విడదీశారు. రోజుకు ఒక గంటను అధికారికంగా వేరు చేసి, 3, 4, 5 తరగతుల పిల్లలను ఆ గంటలో తరగతిని బట్టి కాకుండా చదవగలిగే స్థాయిని బట్టి వేరే గదుల్లోకి మార్చారు. మండల స్థాయి సమన్వయకర్తలు ముందుగా తామే పిల్లలకు పాఠం చెప్పి, ఆ తరువాత ఉపాధ్యాయులకు తోడుగా నిలిచారు. హిందీ చదవడంలో పిల్లలు మెరుగయ్యారు. అదే కాలంలో అక్కడే పరీక్షించిన నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే తరచుగా అంచనా వేసి నమోదు చేసే పద్ధతి, ఒంటరిగా ఏ ఫలితమూ ఇవ్వలేదు. ఈ అనుభవాలన్నిటినీ కలిపి చూస్తే నాకు తేలేది ఒక్కటే. స్థాయికి తగిన బోధనకు అడ్డం ఉపాధ్యాయుడి అంకితభావం లేకపోవడం కాదు, ఆ పని కోసం టైంటేబుల్‌లో రక్షిత సమయం లేకపోవడం.

మన చట్టంలోనే ఈ పెనుగులాట ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ఉపాధ్యాయుడి విధులను చెబుతూ, నిర్ణీత కాలంలో మొత్తం పాఠ్యప్రణాళికను పూర్తి చేయాలని ఒక ఉపనిబంధనలోనూ, ప్రతి పిల్లవాడి అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి అవసరమైతే అదనపు బోధన అందించాలని ఆ వెంటనే మరో ఉపనిబంధనలోనూ ఆదేశిస్తుంది. రెండూ ధర్మబద్ధమైన విధులే. అయితే తనిఖీకి వచ్చిన అధికారి "ఎన్ని పాఠాలు అయ్యాయి?" అని అడుగుతాడు, "గుణింతాల దగ్గర ఆగిన వాళ్లలో ఎంతమంది పదాలకు వచ్చారు?" అని అడగడం అరుదు. అడిగిన ప్రశ్న చుట్టూనే పని తిరుగుతుంది. 2021లో కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్, 2022లో తెలంగాణ మొదలుపెట్టిన తొలిమెట్టు వంటి ప్రాథమిక చదువు, లెక్కల కార్యక్రమాలు ఈ రెండో ప్రశ్నను ప్రభుత్వ భాషలోకి తెచ్చాయి, అది మంచి మార్పు. వాటి విలువ మాత్రం బడి టైంటేబుల్‌లో ఎన్ని నిమిషాలు నిజంగా మారాయన్న దాన్ని బట్టే తేలుతుంది.

గుంపులు చేయడంలో ఒక ప్రమాదం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టడం మన ప్రైవేటు విద్యాసంస్థల్లో ఏళ్ల తరబడి ఉంది. చివరి సెక్షన్‌లో పడిన పిల్లవాడికి తన గురించి అందరూ ఏమనుకుంటున్నారో మొదటి రోజే తెలిసిపోతుంది. స్థాయికి తగిన బోధనను అలాంటి విభజనగానే భావించి వ్యతిరేకించేవారున్నారు, వారి ఆందోళన న్యాయమైనదే. తేడా ఎక్కడుందంటే, సెక్షను ఏడాదంతా, అన్ని సబ్జెక్టులకూ స్థిరంగా ఉంటుంది, చివరి సెక్షనుకు కూడా అదే పుస్తకం, అదే వేగం, తరచూ తక్కువ అనుభవమున్న అధ్యాపకుడు. స్థాయి గుంపు రోజులో ఒక గంటకే ఉంటుంది, చదవడానికి ఒకటి, లెక్కలకు మరొకటి, నాలుగైదు వారాలకొకసారి మారుతుంది. లెక్కల్లో ముందున్న పాప చదవడంలో అక్షరాల గుంపులో ఉండవచ్చు. మిగతా రోజంతా పిల్లలు కలిసే ఉంటారు. డుఫ్లో, పస్కలీన్ డుపా, మైకేల్ క్రెమర్ పశ్చిమ కెన్యాలోని ఒకటో తరగతుల్లో చేసిన ప్రయోగంలో, ప్రవేశ స్థాయిని బట్టి సెక్షన్లు చేసినప్పుడు వెనకున్న సెక్షను పిల్లలు కూడా లాభపడ్డారు. వారి విశ్లేషణ ప్రకారం, ఉపాధ్యాయుడు తన ఎదుట ఉన్న పిల్లలకు తగినట్టు పాఠాన్ని మార్చుకోగలగడం దీనికి ఒక ముఖ్య కారణం. విడగొట్టి, పాఠాన్ని మాత్రం మార్చకపోతే మిగిలేది అవమానం ఒక్కటే.

గుంపులు కాకుండా ఒక్కో పిల్లవాడు తన వేగంతో సాగే పద్ధతికి మన దగ్గరే పేరున్న నమూనా ఉంది. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు రూపొందించిన అభ్యసన నిచ్చెన అది. పాఠ్యాంశాన్ని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, ప్రతి మెట్టుకూ గుర్తుతో కార్డులు తయారు చేశారు. పిల్లవాడు గోడ మీది నిచ్చెనలో తాను ఎక్కడున్నాడో చూసుకుని, తన కార్డును తానే తీసుకుని పనిలో పడతాడు. కొన్ని మెట్ల దగ్గర ఉపాధ్యాయుడి సాయం ఉంటుంది, కొన్నిచోట్ల తోటిపిల్లల సాయం, కొన్ని పనులు ఒంటరిగా చేసుకునేవి. వారం రోజులు జ్వరంతో పడుకున్న పిల్లవాడు తిరిగి వచ్చి, ఆగిన మెట్టు నుంచే మొదలుపెడతాడు, వ్యవసాయ పనుల రోజుల్లో బడి మానే పల్లె పిల్లలకు ఇది ఎంత ఊరటో ఊహించవచ్చు. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె ఉపాధ్యాయులు ఇక్కడికి వచ్చి చూసి వెళ్లాక కర్ణాటకలో నలి-కలి అనే ఇలాంటి బోధన పద్ధతి పుట్టింది, ఆ తరువాత తమిళనాడు కూడా కృత్య ఆధారిత బోధనను రాష్ట్రమంతటికీ విస్తరించింది. విస్తరించే కొద్దీ ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, కార్డులు పోతాయి, చిరుగుతాయి, వాటి వెనకున్న ఆలోచన ఉపాధ్యాయుడికి అందకపోతే కార్డు పూర్తి చేయడమే చదువుగా మారుతుంది. నిచ్చెనను అచ్చువేసి పంపించడం సులువు, ఎక్కుతున్న పిల్లవాడిని గమనించే కన్నును తయారు చేయడానికి ఏళ్లు పడుతుంది.

కంప్యూటరుతో ఈ పని చేయించవచ్చా అన్నది ఇప్పటి ప్రశ్న. పైన చెప్పిన ఢిల్లీ అధ్యయనం నిజానికి మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేరును పరీక్షించినదే. బడి అయ్యాక నడిచే కేంద్రాల్లో పిల్లలు సగం సమయం కంప్యూటరు ముందు, సగం సమయం చిన్న గుంపులో బోధకుడి దగ్గర గడిపారు. సాఫ్ట్‌వేరు ప్రతి జవాబునూ బట్టి తరువాతి ప్రశ్నను మార్చింది. నాలుగున్నర నెలల్లో గణితంలోనూ హిందీలోనూ గణనీయమైన ప్రగతి కనిపించింది. కాబట్టి సాంకేతికత పనికిరాదని అనలేం. కానీ అక్కడ పనిచేసినది తెర కాదు, తెర మీది ప్రశ్న పిల్లవాడి స్థాయికి దిగి రావడం. తరగతి పాఠాన్నే వీడియోగా మార్చి ట్యాబ్‌లో పెట్టి ఇస్తే, నల్లబల్ల మీద అర్థం కానిది ట్యాబ్‌లోనూ అర్థం కాదు.

ఉపాధ్యాయ శిక్షణల్లో తరచూ వినిపించే మరో మాటను ఇక్కడే పక్కకు తీసిపెట్టాలి. కొందరు పిల్లలు చూసి, కొందరు విని, కొందరు చేసి నేర్చుకుంటారని, ఆ శైలిని కనిపెట్టి దానికి తగినట్టు బోధించాలని చెబుతారు. 2008లో హెరాల్డ్ పాష్లర్, అతని సహచరులు ఈ విషయంపై వచ్చిన పరిశోధనలను సమీక్షించి, శైలికి సరిపోయేలా బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. పుల్లల కట్ట 35 రాసిన అమ్మాయికి పనికొచ్చేది ఆమె చేతులతో నేర్చుకునే రకం కాబట్టి కాదు, పది అనేది విప్పితే పది ఒకట్లవుతుందన్న విషయం ఆ కట్టలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది కాబట్టి. చూడవలసింది పిల్లవాడి రకాన్ని కాదు, అతనికి ఇంతవరకు ఏమి తెలుసో దాన్ని.

తెలిసినది ఏ భాషలో తెలుసన్నది మరో ముఖ్యమైన సంగతి. అడవి ప్రాంతాల్లో కోయ, గోండి, సవర, కువి మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లవాడు ఒకటో తరగతిలో మౌనంగా ఉంటే అతనికి ఏమీ రాదని రాసేయడం అన్యాయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004 ప్రాంతంలో 8 గిరిజన భాషల్లో ప్రారంభించిన బహుభాషా విద్య ఈ గుర్తింపు నుంచే వచ్చింది, తెలుగు లిపిలోనే ఆ భాషల వాచకాలు అచ్చయ్యాయి. ఇప్పుడు ఇంగ్లిషు మాధ్యమం విస్తరించాక ఈ సమస్య తెలుగు ఇళ్ల పిల్లలకూ వచ్చింది. ఇంగ్లిషులో అడిగితే తెలియదన్న పిల్లవాడు అదే ప్రశ్నను తెలుగులో అడిగితే జవాబు చెబుతాడేమో చూడకుండా అతన్ని ఏ గుంపులోనూ వేయకూడదు. చదవడంలో ఎంతకీ కదలిక లేని పిల్లల సంగతి వేరు. 2016 వికలాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను గుర్తించింది, వారిని త్వరగా కనిపెట్టమని చెప్పింది. స్థాయి గుంపులో మూడు నాలుగు నెలలు ఓపికగా చెప్పినా అక్షరాలు తారుమారవుతూనే ఉంటే, అది బద్ధకం కాదని గ్రహించి మండల భవిత కేంద్రంలోని ప్రత్యేక ఉపాధ్యాయులను సంప్రదించాలి.

ముందున్న పిల్లలను ఈ చర్చలో మరిచిపోతుంటారు. వారికి అదే రకం లెక్కలు ఇంకో ఇరవై ఇవ్వడం శిక్ష లాంటిది. జవాబు 25 వచ్చే తీసివేతలు ఎన్ని రాయగలవో రాయమంటే, ఒకరు 26లోంచి 1 అని రాస్తారు, మరొకరు రెండు సంఖ్యలకూ ఒకటేసి కలుపుతూ పోతే జవాబు మారదని కనిపెడతారు. ప్రశ్న ఒక్కటే, లోతు ఎవరిది వారిదే. ఇలాంటి ప్రశ్నలు దొరికినప్పుడు గుంపుల అవసరం కూడా ఉండదు.

ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులున్న బడిలో హర్యానా పద్ధతిలో గదులు మార్చుకోవచ్చు, ఏకోపాధ్యాయ బడిలో అది కుదరదు. అక్కడ గుంపులు మూడుకు మించకుండా చూసుకోవడం మేలు. ఉదయం మొదటి గంటలో ఉపాధ్యాయుడు అక్షరాల గుంపుతో కూర్చుని ఉండగా, కథ చదవగలిగిన వారు జంటలుగా గ్రంథాలయ పుస్తకాలు చదువుకుంటారు, మధ్య గుంపు చదివిన పేరాలోని ఒత్తుల పదాలను ఏరి రాస్తుంది. ఇరవై నిమిషాలకొకసారి ఉపాధ్యాయుడు గుంపు మారతాడు. గుంపుల పేర్లుగా ఒకటి, రెండు, మూడు అన్న అంకెలు కాకుండా నదుల పేర్లో పూల పేర్లో పెడితే పిల్లల మధ్య పోలికలు తగ్గుతాయి. ఎవరు ఎక్కడికి చేరారో తెలుసుకోవడానికి ప్రత్యేక పరీక్ష, ముద్రించిన పత్రం అక్కర్లేదు. ఒక పిల్లవాడి చేత నాలుగు వాక్యాలు చదివించి, ఒక తీసివేత చేయించి, "ఎలా చేశావు?" అని అడగడానికి ఐదారు నిమిషాలు చాలు. శనివారం మధ్యాహ్నాల్లో ఐదుగురి చొప్పున అలా కూర్చోబెట్టుకుంటే, 25 మంది ఉన్న బడిలో ఐదు వారాలకల్లా అందరి వంతూ వస్తుంది, ఆరో శనివారం నాటికి గుంపులను మళ్లీ కొత్తగా కూర్చవచ్చు.